రెప్ప వెయ్యనివాడు

జూన్ 3, 1996, సోమవారం

మా ఇంట్లో గది ఖాళీగా ఉందని మా ఊరి బేస్‌బాల్ క్లబ్బు వాళ్ళకు ఎవరు చెప్పారో తెలియదు. ఆటలో నా పక్కన కూర్చునే మెర్ల్ చెప్పి ఉంటాడు. ఈ ఊళ్ళో ఏ గది ఖాళీ అయినా, ఏ మనిషి ఖాళీ అయినా ముందు తెలిసేది వాడికే.

మా ఊరి జట్టు బార్జ్‌మెన్ ఆఫీసావిడ ఫోన్ చేసి, ఒక ఆటగాడికి ఈ వేసవికి చోటివ్వగలరా అని అడిగింది. ఊళ్ళో చాలా ఇళ్ళలో ఉంచుకుంటారు. మేం ఎప్పుడూ ఉంచుకోలేదు. మా అన్న లీలండ్ ఉండగా కుదిరేది కాదు. మార్చిలో అన్న పోయాక ఆ గది తలుపు నేను తీయలేదు.

సరే అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

ఆవిడ ఒక్క నియమం చెప్పింది. "మీ వంటింట్లో విన్నది మా దాకా రాకూడదు. మా దగ్గర విన్నది ఆ అబ్బాయికి చేరకూడదు. ఎన్నేళ్ళ నుంచో ఈ ఏర్పాటు అలాగే నడుస్తోంది." మాట్లాడకపోవడమే అయితే అది నాకు చేతనవును.

గది కడిగాను. మంచం గోడ పక్కకు జరిపాను. లీలండ్ రేడియో బట్టల అలమరలో, వెనకాల పెట్టాను.

నా రిపేరు షాపులో: గడ్డికోత యంత్రాలు రెండు, రేవులో పనిచేసే హార్లన్ పడవ మోటారు. మోటారు ఇంకా దగ్గుతోంది.

జూన్ 5, బుధవారం

అబ్బాయి వచ్చాడు. వేడ్ టాలివర్. అర్కాన్సా కొండల వైపు వాడు. పందొమ్మిదేళ్ళు. మా గుమ్మంలో తల వంచి రావాల్సి వచ్చింది. నిరుడు కొత్త కుర్రాళ్ళను జట్లు పంచుకునే డ్రాఫ్టులో పెద్ద జట్టు వాళ్ళు మొదటి వరసలోనే ఎంచుకున్నారట. మా ఊరి జట్టు అలాంటి వాళ్ళకు ఒక మెట్టు. ఎక్కి వెళ్ళిపోతారు.

ప్రతి మాటకూ "సార్" అంటాడు. గుడ్లు ఎలా కావాలంటే "ఎలా ఉంటే అలా సార్" అన్నాడు.

వంటింట్లో లీలండ్ కుర్చీలో కూర్చున్నాడు. అక్కడ వేరే కుర్చీలు మూడున్నాయి.

జూన్ 9, ఆదివారం

ఆటకు వెళ్ళాను. మూడో బేస్ వైపు, ఎప్పుడూ కూర్చునే చోటే. నాకు ఎడమ పక్క మెర్ల్ హాఫ్‌క్యాంప్. నది మీద బార్జీలు నడిపి రిటైరయ్యాడు, ఇప్పటికీ ఒడ్డుకు వినబడేలా మాట్లాడతాడు. కుడి పక్క బర్నిస్. బళ్ళో పిల్లలకు వండి పెట్టి ఈ మధ్యే మానేసింది. ఒళ్ళో స్కోరు అట్ట, చెవి మీద పెన్సిలు. ఇద్దరూ నా మీంచే పోట్లాడుకుంటారు. నేను కంచెలాంటివాణ్ణి.

వేడ్ మూడుసార్లు బ్యాటుకు వచ్చి గాలినే కొట్టి వెళ్ళాడు. నాలుగోసారి బంతి కుడి గోడ దాటి, రైలు పట్టాలు దాటి పోయింది.

"నదిలో పడింది! ఇంక మిసిసిప్పీకి కూడా టిక్కెట్టు పెట్టాలి!" మెర్ల్ లేచి నిలబడ్డాడు.

"బంతి నదిలో పడింది సరే. ముందు మూడుసార్లు కొట్టిన గాలి ఎక్కడ పడిందో చూడు," అంది బర్నిస్ రాసుకుంటూ.

"గాలిని అలా కొట్టడం నీకొచ్చా, నాకొచ్చా? ఆ ఊపుకి నా టోపీ ఎగిరింది."

"నీ టోపీ మీ ఆవిడ దగ్గినా ఎగురుతుంది."

"రాసిపెట్టుకో తల్లీ. రెండేళ్ళలో వాణ్ణి టీవీలో చూస్తావు."

"మెలిక బంతి వేస్తే, మా బళ్ళో పిల్లలు ఉడికిన క్యాబేజీని చూసినట్టు చూస్తున్నాడు. టీవీలో ఏం చూపిస్తారు, వాడి మొహమా?"

మెర్ల్ నన్ను మోచేత్తో పొడిచాడు. "ఒరే ఆరినూ, నువ్వు చెప్పు. ఆ చప్పుడు విన్నావా? అచ్చం మీ లీలండ్ కొట్టినట్టు లేదూ?"

లేదన్నాను. బ్యాట్లన్నీ ఒకేలా మోగుతాయి.

బర్నిస్ పెన్సిలు చెవి మీద పెట్టుకుని కాసేపు రాయలేదు.

జూన్ 13, గురువారం

జట్టు పై ఊళ్ళకు వెళ్ళింది. మైదానం గేటుకు తాళం. మధ్యాహ్నం షాపులో ఉండగా ఆ బ్యాటు చప్పుడు వినిపించింది, ఒక్కసారే. రేవులో ఎవరో పలకలు దింపుతూ ఉంటారు.

జూన్ 14

రేవులో ఈ వారం పలకలేం రాలేదని హార్లన్ అన్నాడు. సరే, ఇంకేదో.

జూన్ 21, శుక్రవారం

వేడ్ ఎడమ చెంప ఉబ్బి వచ్చాడు. వల లోపల సాధన చేస్తుంటే బంతి ఇనప గొట్టానికి తగిలి తిరిగొచ్చి కంటి కింద కొట్టిందట. ఫ్రీజరులోంచి బఠాణీల సంచి తీసి ఇచ్చాను. అది మొహానికి పెట్టుకుని నవ్వాడు.

"మా అమ్మకు చెప్పకండి సార్. బస్సెక్కి వచ్చేస్తుంది."

రేపు ఆడతాడట.

జూలై 2, మంగళవారం

సెలవు. వేడ్ షాపుకు వచ్చి కూర్చున్నాడు. హార్లన్ మోటారు విప్పి చూపించాను. చేతులు పెద్దవైనా మరలు జాగ్రత్తగా తీశాడు, తీసినవాటిని వరసగా గుడ్డ మీద పెట్టాడు. అడక్కుండానే మాట్లాడాడు. వాళ్ళమ్మ కోళ్ళ ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ. చల్లగదిలో నిలబడి రెక్కలు కోస్తుంది. వేళ్ళు వంకర్లు తిరిగాయట. నాన్న లేడు. "పై లీగ్‌కి వెళ్ళానంటే సార్, మొదట చేసేది ఆవిడ ఏప్రన్ తగలబెట్టడం."

మోటారు ఒక్క లాగుకే అందుకుంది. ఇద్దరం నవ్వాం. ఆ షాపులో ఇద్దరు నవ్వి చాలాకాలమైంది.

జూలై 6, శనివారం

నదిపురుగులు లేచాయి. ప్రతి జూలైలో ఒక సాయంత్రం నీళ్ళలోంచి ఒక్కసారిగా లేస్తాయి. ఉసిళ్ళకంటే పెద్దవి, పారదర్శకమైన రెక్కలు. దీపస్తంభాలు కనబడలేదు. ఆట ఆపారు. వంతెన మీద రాలిన పురుగుల్ని మంచు తీసే పారలతో ఎత్తిపోశారు. వేడ్ మైదానం మధ్యలో నిలబడి రెండు చేతులతో విసురుకుంటుంటే జనమంతా నవ్వారు.

జూలై 12, శుక్రవారం

పురుగులు చచ్చి ఊడ్చేసి ఐదారు రోజులైంది. పొద్దున గుడ్లు తింటూ వేడ్ ఎడమ చెవి పక్కన చెయ్యి విసిరాడు. కాసేపటికి మళ్ళీ.

"ఇంకా ఉన్నాయే సార్ ఇవి."

జాలీ తలుపు మూల చిరిగి ఉంది. అందులోంచి వస్తున్నట్టున్నాయి.

జూలై 13

జాలీ మార్చాను.

జూలై 14

విసురుకుంటూనే ఉన్నాడు. పెరటి కిటికీ జాలీ కూడా మార్చాను.

జూలై 15, సోమవారం

వేడ్ కాఫీ పోసుకుంటుంటే కప్పు పక్కన పడింది. "నిద్ర మత్తు సార్," అని తుడిచాడు.

బల్ల వాలుగా ఉంది. సాయంత్రం బల్ల తిరగేసి చూస్తే, ఆ మూల కాలి కింద ఇదివరకే ఒక చెక్కముక్క ఉంది, తుప్పుపట్టిన మేకుతో. నాన్న కొట్టిందే. దాని మీద ఇంకొకటి పల్చగా చెక్కి కొట్టాను. ఇప్పుడు సరిగ్గా ఉంది.

జూలై 16

"సార్, బల్ల ఊగుతోంది," అన్నాడు వేడ్.

ఈ బల్ల ఎప్పుడూ ఊగుతుంది, నేల సరిగ్గా లేదు అన్నాను. మా అమ్మ అదే అనేది.

జూలై 18, గురువారం

వేడ్ నిలబడే తీరు మార్చాడు. బ్యాటు పట్టినవాడి ఎడమ భుజం బంతి వేసే పిచర్ వైపు ఉంటుంది. ఇప్పుడు వీడు ఎడమ పాదం వెనక్కి లాగి, రొమ్ము, మొహం మొత్తం పిచర్‌కేసి తిప్పి నిలబడుతున్నాడు. నిన్న గోడ దాటించి ఒక హోమ్‌రన్, ఇవాళ రెండు.

"అదీ బుర్రంటే!" అన్నాడు మెర్ల్. "తుంటిని ముందే తెరిచేశాడు. ఇంక లోపలికొచ్చిన వేగం బంతి ఏదైనా వాడికి పిండివంటే. ఎవడో గొప్ప కోచ్ నేర్పి ఉంటాడు."

"బయటి మూలకి వేసిన బంతికి బ్యాటే ఎత్తలేదు. అది చూళ్ళేదా?" అంది బర్నిస్.

"వదిలేశాడమ్మా! ఓపిక! మొన్నటిదాకా ఓపిక లేదని ఏడ్చావు, ఇప్పుడు ఓపికుందని ఏడుస్తున్నావు."

"వదిలెయ్యడం వేరు, దాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం వేరు. వదిలేసేవాడు బంతి వెంట చూస్తాడు. వీడు చూళ్ళేదు."

"వంటావిడ కూడా బ్యాటింగు చెప్పేస్తే ఇంక దేశంలో కోచ్‌లెందుకు! ఒరే ఆరినూ, నీ ఇంట్లో తింటున్నాడు కదా, ఏమన్నాడు, ఎవరు నేర్పారట?"

అడగలేదన్నాను.

"అడగడట! వీడింట్లోకి ఏనుగొచ్చి కూర్చున్నా, టీ కావాలా అని కూడా అడగడు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

మొహం కుడి కన్ను ముందుకొచ్చేలా తిప్పుతున్నాడు. అలా నిలబడేవాళ్ళు ఎందరో ఉన్నారు. అది ఒక పద్ధతి.

జూలై 21, ఆదివారం

పేపర్లో వేశారు. ఆగస్టు మొదటి తేదీ నుంచి వేడ్ పై లీగ్‌లో ఆడతాడు. అక్కడ బంతులు ఇంకా వేగం, ఇంకా మెలికలు.

హాల్లోంచి వాళ్ళమ్మకు ఫోన్ చేశాడు. తలుపు తీసే ఉంది. "ఏప్రన్ రెడీగా పెట్టమ్మా, అగ్గిపెట్టె నేను తెస్తాను," అంటున్నాడు. అటు నుంచి ఆవిడ ఏడుపో నవ్వో తెలియలేదు.

తరువాత వంటింట్లోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నేను ఎడమ వైపు నుంచి పళ్ళెం పెట్టాను. పళ్ళేన్ని చూడటానికి తల మొత్తం తిప్పాడు. కళ్ళు కాదు, తల.

నేను పొయ్యి దగ్గరికి వెళ్ళి చాలాసేపు గిన్నె తోమాను.

జూలై 23, మంగళవారం

మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేసరికి పైగదిలో రేడియో మోగుతోంది. ఆ స్టేషనే. ముల్లు ఎక్కడ ఉండేదో అక్కడే. మెట్ల కింద నిలబడిపోయాను. పైకి పిలవబోయాను. ఏ పేరుతో పిలవబోయానో ఇక్కడ రాయను.

వేడ్ మెట్ల మీదికొచ్చాడు. "అలమరలో దొరికింది సార్. పెట్టుకోవచ్చా? ఎవరిది?"

"మా అన్నది."

"ఆయనెక్కడుంటారు?"

"కొండ మీద. స్మశానంలో."

"సారీ సార్." కాసేపాగి, "ఆయన కూడా ఆడేవారా?"

"కొంచెం," అన్నాను.

జూలై 24, బుధవారం

షాపు బయట బండి తాళాలు విసిరాను. మామూలుగా విసిరినట్టే. వాడికి ఎడమ వైపు నుంచి.

చెయ్యి లేవలేదు. తాళాలు రొమ్ముకు తగిలి కింద పడ్డాయి. అప్పుడు ఉలిక్కిపడ్డాడు.

ఇద్దరం తాళాలకేసి చూస్తూ నిలబడ్డాం. తరువాత తనే చెప్పాడు. "ముందు పురుగులనుకున్నా సార్. తర్వాత మెరుపుల్లాగా. ఇప్పుడు కింది మూల నుంచి తెరలా లేస్తోంది. నల్లగా ఏం కాదు, బూడిద రంగు. కొంచెమే. కుడి కన్ను బాగానే ఉంది కదా, దాంతో కొడుతున్నా. చూశారుగా, మూడు కొట్టాను."

"డాక్టరుకు చూపించావా?"

"చూపిస్తే ఆపేస్తారు. దెబ్బ తిన్నవాణ్ణి పైకి తీసుకోరు సార్. ఒక్కసారి అక్కడ కాలు పెట్టనివ్వండి, ఆ మర్నాడే నేనే చెప్పేస్తా. ఒట్టు." తాళాలు తీసి నా చేతిలో పెట్టాడు. "మీరు చెప్పరు కదా? వంటింటి మాట బయటికి పోకూడదని రూలుంది కదా?"

తల ఊపాను.

జూలై 25, గురువారం

షాపులో పనేమీ లేదు. అందుకని రాస్తున్నాను.

లీలండ్ కాలంలో డ్రాఫ్టు లేదు. పెద్ద జట్టు తరఫున పనామా టోపీ పెట్టుకున్న మనిషొకడు మా వంటింట్లో కూర్చుని, అమ్మ చేసిన యాపిల్ పై రెండు ముక్కలు తిని, వాడి చేత సంతకం పెట్టించుకున్నాడు. వాడికీ పందొమ్మిదేళ్ళే. ఇక్కడే, ఈ మైదానంలోనే ఆడాడు. ఊరంతా వాడి గురించి వాదించుకునేది. మెర్ల్ అప్పుడూ వాదించేవాడు. పైకెళ్ళడానికి ఒకడు రెండేళ్ళంటే ఇంకొకడు ఒకటే అనేవాడు.

1957 మే నెలలో చెంపకు బంతి తగిలింది. వారం తిరక్కుండా మళ్ళీ ఆడాడు. తరువాత బల్ల దగ్గర చెవి పక్కన చెయ్యి విసురుకునేవాడు. కందిరీగలని అమ్మ గడపంతా ఆముదం రాసింది. పాల గ్లాసు పెట్టబోయి అంచు దాటించి పెట్టేవాడు. నాకు పదకొండేళ్ళు. నాకు అది తమాషాగా ఉండేది.

ఆగస్టులో రెండో బంతి. తలకేసి వచ్చే బంతిని చూసి ఎవరైనా వంగుతారు. వాడు నిటారుగా నిలబడ్డాడు. జనం చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు, భయపడలేదని. వాడు పడిపోయేదాకా కొడుతూనే ఉన్నారు. మొదలుపెట్టిన చప్పట్లు మధ్యలో ఆపడం కష్టం.

తరువాత ముప్ఫై ఎనిమిదేళ్ళు పైగదిలో. ఎడమ చెయ్యి, ఎడమ కాలు కదిలేవి కావు. ఆట వచ్చే స్టేషన్ తప్ప ఇంకేదీ పెట్టనిచ్చేవాడు కాదు. మాట నిదానంగా వచ్చేది. ఒకసారి, అమ్మా నాన్నా పోయాక, మంచం మీద గొంతు కింద గుడ్డ సర్దుతుంటే అన్నాడు: "బంతి కనబడలేదురా. తెర ఉండింది." ఇంకెవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళూ లేరు.

వేడ్‌కూ దీనికీ సంబంధం లేదు. ఇప్పుడు హెల్మెట్లున్నాయి.

జూలై 26

పనేమీ లేదు. షాపు త్వరగా మూశాను. చప్పుడు రెండుసార్లు వినిపించింది. జట్టు ఊళ్ళోనే ఉంది, సాధన చేస్తూ ఉంటారు.

సాధన సెలవట.

జూలై 27, శనివారం

రాయగలిగినంత రాస్తాను.

అవతలి జట్టు పిచర్ పొడుగైనవాడు, చేతిలో పట్టు లేదు. వేడ్ రెండోసారి బ్యాటుకు వచ్చాడు. అదే పద్ధతి, పాదం వెనక్కి, మొహం తిప్పి. జనం వాడి పేరు పాడుతున్నారు. మూడో బంతి జారింది. ఎడమ వైపు నుంచి పైకి, నేరుగా మొహానికి వచ్చింది. వెనక కూర్చున్న క్యాచర్ అరిచాడు. మా వరసలో ఆడవాళ్ళు కళ్ళు మూసుకున్నారు.

వేడ్ కదల్లేదు.

హెల్మెట్ అంచును కొట్టి ఎగరగొట్టింది. హెల్మెట్ గడ్డి మీద గింగిరాలు తిరుగుతుంటే వాడు బ్యాటు పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు, బంతి ఇంకా రావాల్సి ఉన్నట్టు. ఆ తరువాత తల తడుముకున్నాడు.

జనమంతా లేచారు. చప్పట్లు.

"చూశారా! చూశారా! రెప్ప వెయ్యలేదు!" మెర్ల్ బెంచీ ఎక్కేశాడు. "పాలు తాగే పిల్లాడి గుండె కాదురా అది! ఏమంటావు బర్నిస్, ఇప్పుడేమంటావు? మొహం మీదికి బంతొస్తే రెప్ప వెయ్యనివాణ్ణి నీ జన్మలో చూశావా?"

బర్నిస్ అట్ట మీద ఏమీ రాయలేదు. మైదానం వైపు కూడా చూడటం లేదు. "చూశాను," అంది. "లీలండ్ కూడా వెయ్యలేదు."

మెర్ల్ బెంచీ మీద నుంచి దిగలేదు కానీ చప్పట్లు ఆపాడు.

చప్పట్లు ఇంకా మోగుతున్నాయి. బర్నిస్ నా చెయ్యి పట్టుకుంది. 1957 వసంతంలో లీలండ్‌తో డాన్సుకు వెళ్ళిన చెయ్యి అది. బళ్ళో గిన్నెలు కడిగి కడిగి గరుకెక్కింది.

"ఆరినూ, నాయనా, నువ్వు మాట్లాడవు. నాకు తెలుసు. నిన్ను నేనెప్పుడూ ఏదీ అడగలేదు కదా?"

లేదన్నట్టు తల ఊపాను.

"నేనిప్పుడూ అడగను," అని చెయ్యి వదిలేసింది.

జూలై 28, ఆదివారం

పొద్దున క్లబ్బుకు వెళ్ళాను. ఆటగాళ్ళ ఒళ్ళు చూసుకునే గిల్, మేనేజరు ఇద్దరూ ఉన్నారు.

"రండి ఆరిన్ గారూ. కోత యంత్రానికి బ్లేడు తెచ్చారా?" అన్నాడు గిల్.

కాదన్నాను. టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"వేడ్‌కి ఎడమ కంట్లో తెర లేస్తోంది," అన్నాను.

మేనేజరు నవ్వాడు. "తెరేంటండీ? నిన్న చూళ్ళేదా వాణ్ణి? సింహం!"

"నిన్న బంతి కనబడలేదు."

గిల్ నవ్వలేదు. వేడ్‌ని పిలిపించాడు. వేడ్ గుమ్మంలో నన్ను చూసి ఆగిపోయాడు. కుడి కన్ను మూసుకోమన్నారు. మూసుకున్నాడు. గిల్ వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగాడు. వేడ్ నాకేసి చూశాడు. నాకేసి కాదు, నేను ఉన్నాననుకున్న వైపు చూశాడు. అక్కడ తువ్వాళ్ళ బుట్ట ఉంది.

"మాటిచ్చారు కదా సార్," అన్నాడు ఆ బుట్టతో.

నేను మాట ఇవ్వలేదు. తల ఊపాను అంతే.

జూలై 29, సోమవారం

పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళారు. సంచులు సర్దడానికి క్లబ్బు మనిషి వచ్చాడు, వేడ్ రాలేదు. బ్యాట్లు మాత్రం తేవద్దని వేడ్ చెప్పాడట.

జూలై 31

రేడియో నేను ఆపలేదు. దానంతట అదే ఆగింది. వాల్వు పోయి ఉంటుంది.

ఆగస్టు 3, శనివారం

ఆటకు వెళ్ళాను. మెర్ల్ నా పక్క నుంచి లేచి రెండు వరసలు కిందికెళ్ళి కూర్చున్నాడు. అక్కడి నుంచే అన్నాడు, అందరికీ వినబడేలా. "ఈ ఊరి నుంచి పైకెళ్ళేవాడు ఎన్నాళ్ళకో ఒక్కడొచ్చాడు. వీడేమో నలభై ఏళ్ళు నోరు మూసుకుని, తెరవక తెరవక ఇప్పుడు తెరిచాడు!"

"నువ్వు మూయక మూయక ఎప్పుడు మూస్తావో చెప్పు, టపాసులు కొనుక్కొస్తా," అంది బర్నిస్.

ఎవరూ నవ్వలేదు. ఆవిడ నా పక్కనే కూర్చుంది. మా ఎడమ పక్క చోటు ఖాళీ.

క్లబ్బు ఆఫీసావిడ ఎదురైంది. వచ్చే ఏడాది ఎవర్నీ పంపలేమని మర్యాదగా చెప్పింది. "మీరు చేసింది తప్పని అనడం లేదు. కానీ కుర్రాళ్ళు నమ్మాలి కదండీ." అవునన్నాను. ఆవిడ చెప్పిందీ నిజమే.

ఆగస్టు 10

ఏమీ లేదు.

ఆగస్టు 11

ఏమీ లేదు. బ్యాట్లకు నూనె రాసి మూలన నిలబెట్టాను.

ఆగస్టు 20, మంగళవారం

వేడ్ వాళ్ళమ్మ ఫోన్ చేసింది. గొంతు అలిసిపోయి ఉంది. వెనకాల యంత్రాల మోత, డ్యూటీ మధ్యలో చేసింది. కంటి వెనక పొర ఊడిందట. ఆపరేషన్ చేశారు. ఇంకో వారం అయితే ఆ కన్నుతో పనే ఉండేది కాదన్నారట. ఇప్పుడు వెలుగు తెలుస్తోంది, ఆకారాలు తెలుస్తున్నాయి. బ్యాటు సంగతి ఎవరూ మాట్లాడటం లేదు.

"వాడు మీ పేరెత్తడం లేదండీ," అంది. "నేను ఎత్తుతున్నాను."

ఫోన్ పెట్టేశాక ఆ హాల్లోనే కాసేపు కూర్చున్నాను. ఏప్రన్ ఇంకా తగలబడలేదు.

సెప్టెంబరు 2, సోమవారం

సీజను అయిపోయింది. బార్జ్‌మెన్ ఓడారు. మెర్ల్, బర్నిస్ వచ్చే ఏడాది రాబోయే ఎవడో ఎడమచేతి కుర్రాడి గురించి అప్పుడే మొదలుపెట్టారు. రెండేళ్ళట. కాదు, ఎప్పటికీ కాదట. మెర్ల్ ఒకసారి వెనక్కి తిరిగి, "ఒరే ఆరినూ..." అని, తరువాత ఏం అడగాలో తెలియక, "ఆ వేరుశెనగలు ఇటివ్వు," అన్నాడు. ఇచ్చాను.

సెప్టెంబరు 8, ఆదివారం

మధ్యాహ్నం పాత పికప్ ఒకటి ఇంటి ముందు ఆగింది. నడుపుతున్నది ఆడమనిషి. ఆమె దిగలేదు, చెయ్యెత్తింది. ఆ వేళ్ళు చూసి ఎవరో తెలిసింది.

వేడ్ దిగాడు. సన్నబడ్డాడు. కంటికి నల్లద్దాలు.

"బ్యాట్ల కోసం వచ్చాను," అన్నాడు. సార్ అనలేదు.

తెచ్చి ఇచ్చాను. ఒకటి తీసి చేత్తో రాసి చూశాడు. నూనె సంగతి తెలిసింది. వంటింట్లోకి రమ్మన్నాను. రానన్నాడు. గడప దగ్గరే నిలబడ్డాడు.

"మీ అన్న గురించి బర్నిస్ గారు మా అమ్మకి ఉత్తరం రాశారు," అన్నాడు. "ఆయన ఎవరికీ చెప్పలేదా?"

"లేదు."

"ఎవరూ చూళ్ళేదా?"

దానికి నా దగ్గర జవాబు ఉంది. నోటికి రాలేదు.

అద్దాలు తీశాడు. ఎడమ కన్ను ఎర్రగా, పెద్దదిగా ఉంది. జేబులోంచి బంతి తీసి నా చేతిలో పెట్టాడు. పెరట్లోకి వెళ్ళి, గడ్డి మధ్యలో, పాదం వెనక్కి లాక్కోకుండా, మామూలుగా నిలబడ్డాడు. ఎడమ భుజం నావైపు.

"ఎడమ వైపు నుంచి వెయ్యండి."

మెల్లగా, కింది నుంచి వేశాను.

వాడి చెయ్యి లేచింది. ఆలస్యంగా లేచింది. బంతి వేళ్ళ చివర్లకు తగిలి గడ్డిలో పడింది. కానీ లేచింది. పికప్‌లో ఆమె స్టీరింగు మీద తల ఆనించుకుంది.

వేడ్ బంతి తీసుకోవడానికి వంగాడు. లేచాక చాలాసేపు నన్ను చూశాడు, నేను ఉన్న చోటనే.

"మిమ్మల్ని ఇంకా క్షమించలేదు సార్," అన్నాడు.

సరే అన్నాను.

వాళ్ళు వెళ్ళాక వంటింట్లోకి వచ్చి బల్ల తిరగేశాను. ముందు నేను కొట్టిన ముక్క ఊడదీశాను. తరువాత దాని కింద నాన్నది. తుప్పు మేకు ఒక పట్టాన రాలేదు, కొంత చెక్క ఊడి వచ్చింది. మోకాళ్ళ మీద ఉండగా గుర్తొచ్చింది, నాన్న ఇలాగే మోకాళ్ళ మీద, సుత్తితో. లీలండ్ పాల గ్లాసు బల్ల అంచు దాటి పడి పగిలిన మర్నాడు. నేను మేకులు అందించాను.

బల్ల మళ్ళీ నిలబెట్టాను. నాలుగు మూలలా చేత్తో నొక్కి చూశాను. లీలండ్ కుర్చీలో కూర్చుని మోచేతులు ఆనించి కూడా చూశాను.

ఊగడం లేదు. నేల సరిగ్గానే ఉంది. ఎప్పుడూ సరిగ్గానే ఉంది.